వార్మప్‌గా వన్ పాయింట్ పెట్టెలు: రోజుకో పేజీ గీయడం, సరిచూసుకోవడం

బొమ్మకు కూర్చునే ముందు చెయ్యి కుదురుకోవడానికి ఏం గీయాలని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: వన్ పాయింట్ పర్‌స్పెక్టివ్‌లో, అంటే దూరంగా వెళ్ళే గీతలన్నీ ఒకే చుక్కలో కలిసేలా, పెట్టెలు గీయండి. ఒక్క పేజీ చాలు, పదిహేను నిమిషాలు పడుతుంది. సున్నాలు, మెలికలు గీసినా చెయ్యి సాగుతుంది, కాదనను. కానీ గీసిన సున్నా బాగా వచ్చిందో లేదో తేల్చాల్సింది మీ కన్నే, ఆ కన్ను ఇంకా తయారు కాలేదన్నదే కదా అసలు ఇబ్బంది. పెట్టె అయితే తన తప్పు తానే చెబుతుంది. ఎక్కడో ఒక గీత పక్కకు పోతే చివరి మూల కలవదు, స్కేలు పెట్టి చూస్తే ఏ గీత ఎటు పోయిందో మిల్లీమీటర్లలో తేలిపోతుంది. అందుకే ఇక్కడ గీయడం గురించి ఎంత చెప్తానో సరిచూసుకోవడం గురించి కూడా అంతే చెప్తాను. పేజీలకు పేజీలు పెట్టెలు గీసి ఒక్కదాన్ని కూడా సరిచూడకుండా పక్కన పడేస్తే కాగితం ఖర్చవుతుంది, పాత తప్పు ఇంకా బాగా అలవాటవుతుంది.

మూడు రకాల గీతలే

పెట్టెకు పన్నెండు అంచులు ఉన్నా వన్ పాయింట్‌లో గీతలు మూడు రకాలే. అడ్డగీతలు కాగితం కింది అంచుకు సమాంతరంగా వెళ్తాయి. నిలువుగీతలు పక్క అంచుకు సమాంతరంగా వెళ్తాయి. మూడో రకం మన దగ్గర్నుంచి దూరంగా వెళ్ళే అంచులు, వీటిని లోతుగీతలు అందాం. పేజీలో ఎన్ని పెట్టెలున్నా లోతుగీతలన్నీ ఒకే చుక్క వైపు వెళ్తాయి, అదే వానిషింగ్ పాయింట్, అది కంటిమట్టం గీత మీద, అంటే మన కంటి ఎత్తును చూపే అడ్డగీత మీద ఉంటుంది.

దీన్ని కళ్ళారా చూడాలంటే కాలేజీలోనో ఆస్పత్రిలోనో ఒక పొడవాటి కారిడార్ మధ్యలో, చివరి గోడకు ఎదురుగా నిలబడండి. నేల మీది టైల్స్ గీతలు, సీలింగ్ అంచులు, పక్క గోడల్లో కిటికీల పైఅంచులు, కింది అంచులు అన్నీ ఆ గోడ మీద ఒకేచోటికి పరిగెడుతున్నట్టు కనిపిస్తాయి, ఆ చోటు సరిగ్గా మీ కంటి ఎత్తులో ఉంటుంది. ఇప్పుడు నేల మీద కూర్చుని చూడండి, ఆ చుక్క కూడా మీతోపాటు కిందికి దిగుతుంది. ఇందాక పైభాగం మొత్తం కనిపించిన టేబుల్ ఇప్పుడు దాదాపు ఒక గీతలా కనిపిస్తుంది. ఫోన్‌తో ఫొటో తీసి దాని మీద స్కేలు పెట్టి గీతలు పొడిగించి చూసినా ఇదే తెలుస్తుంది, కాకపోతే ఫోన్‌ను ఎదుటి గోడకు తిన్నగా పట్టుకోవాలి. కొంచెం పక్కకు తిప్పినా ఆ గోడ అడ్డగీతలు కూడా వాలిపోతాయి, అప్పుడది వన్ పాయింట్ కాదు.

ఈ పద్ధతిని 15వ శతాబ్దం మొదట్లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో వాస్తుశిల్పి బ్రూనెలెస్కీ అద్దం సాయంతో చేసి చూపించాడు, 1435లో ఆల్బెర్టీ దాన్ని సూత్రాలుగా రాసిపెట్టాడు. నాకు మాత్రం వీటన్నిటికన్నా ఇష్టమైన విషయం మిలాన్‌లో ఉంది. 1490ల్లో లియొనార్డో డా విన్చీ అక్కడ గోడ మీద వేసిన లాస్ట్ సప్పర్ (క్రీస్తు చివరి విందు) బొమ్మలో, క్రీస్తు కుడి కణత దగ్గర మేకు దిగిన చిన్న రంధ్రం ఉంది. అక్కడ మేకు కొట్టి, దారాలు లాగి, గది గీతలన్నీ దానికి కుదుర్చుకున్నాడని అంటారు. అంతటివాడు దారం పట్టి చూసుకున్నప్పుడు మనం గుండుసూదితో చూసుకోవడానికి మొహమాటం దేనికి?

అలాగని బొమ్మకు ఇదొక్కటే సరైన దారి అనుకోకండి. లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మలు వానిషింగ్ పాయింట్ పెట్టుకుని వేసినవి కావు, అయినా మెడ పట్టేసేదాకా వాటిని చూస్తూ ఉండిపోతాం. కదలకుండా ఒకచోట నిలబడి ఒంటికన్నుతో చూస్తే ఎలా ఉంటుందో అలా గీయడమే వన్ పాయింట్. వార్మప్‌కు ఇంత బాగా పనికొచ్చేది ఇంకోటి నాకు కనిపించలేదు.

ఏం కావాలి, పేజీ ఎలా సిద్ధం చేసుకోవాలి

మామూలు ఏ4 జెరాక్స్ కాగితం, బాల్ పెన్, 30 సెంటీమీటర్ల స్కేలు, పరీక్ష అట్ట, గుండుసూది, మూరెడు కుట్టుదారం, కంపాస్, సరిచూసేటప్పుడు వాడటానికి ఎర్ర పెన్. ఖరీదైన స్కెచ్‌బుక్ వద్దు, దాని మీద పేజీ పాడవుతుందన్న భయంతో చెయ్యి బిగుసుకుపోతుంది. పెన్సిల్ కూడా వద్దంటాను, ఎందుకంటే చేతిలో రబ్బరు ఉన్నంతసేపు గీత గీసే ముందు ఆలోచించం, గీశాక చెరిపేసి మళ్ళీ గీస్తాం, దాంతో తప్పు గీత కనిపించకుండా పోతుంది, నేర్చుకోవాల్సింది ఆ తప్పు గీత నుంచే. బాల్ పెన్‌కు ఇంకో సుగుణం కూడా ఉంది, తేలిగ్గా పట్టుకుంటే పల్చటి గీత, కొంచెం నొక్కితే ముదురు గీత వస్తుంది.

స్కేలు పేజీ సిద్ధం చేయడానికి, మూలల చుక్కలు పెట్టుకోవడానికి, చివర్లో సరిచూడటానికి మాత్రమే. పెట్టె గీతలు ఒక్కటి కూడా స్కేలుతో గీయొద్దు.

కాగితాన్ని అడ్డంగా పెట్టండి. అప్పుడు వెడల్పు 29.7 సెం.మీ., ఎత్తు 21 సెం.మీ. ఉంటుంది. సరిగ్గా మధ్యలో, అంటే కింది నుంచి 10.5 సెం.మీ. ఎత్తులో, స్కేలుతో ఈ చివర నుంచి ఆ చివరకు పల్చగా ఒక గీత గీయండి, ఇది కంటిమట్టం. దాని మీద మధ్యలో చుక్క పెట్టండి, ఇది వానిషింగ్ పాయింట్. ఆ చుక్కకు కుడివైపు 14 సెం.మీ. దూరంలో ఒకటి, ఎడమవైపు 14 సెం.మీ. దూరంలో ఒకటి మరో రెండు చిన్న చుక్కలు పెట్టండి. ఇవి లోతు కొలవడానికి, వీటి సంగతి తర్వాత చెప్తాను. చివరగా వానిషింగ్ పాయింట్ చుట్టూ కంపాస్‌తో 8 సెం.మీ. వ్యాసార్ధంతో ఒక వృత్తం పల్చగా గీయండి. పెట్టెలన్నీ ఈ వృత్తం లోపలే ఉండాలి. బయటికి వెళ్తే మీరు ఎంత సరిగ్గా గీసినా పెట్టె సాగదీసినట్టు కనిపిస్తుంది, అది చేతి తప్పు కాదు, లెక్కే అంత. కంటికి ఇంపుగా కనిపించే చూపు కోణం సుమారు 60 డిగ్రీలు, కాగితానికీ కంటికీ మధ్య 14 సెం.మీ. దూరం అనుకుంటే ఆ కోణం పరిచే వృత్తం వ్యాసార్ధం 8 సెం.మీ. పైచిలుకు వస్తుంది.

గీత గీసే తీరు

పెట్టె జోలికి వెళ్ళే ముందు రెండు నిమిషాలు ఉత్త గీతలు గీయండి, పేజీ వెనకవైపు సరిపోతుంది. రెండు చుక్కలు పెట్టుకోండి. పెన్ను కాగితానికి తగలకుండా ఒక చుక్క నుంచి రెండోదానికి గాల్లోనే రెండు మూడుసార్లు ఆడించండి. దారి చేతికి తెలిశాక పెన్ను దించి ఒక్క ఊపులో లాగేయండి. కదలిక భుజం నుంచి రావాలి, పొట్టి గీతలకు మోచేయి నుంచి వచ్చినా సరే, మణికట్టు మాత్రం తిప్పొద్దు, అది తిరిగితే గీత విల్లులా వంగుతుంది. చూపు పెన్ను మొన మీద కాకుండా చేరాల్సిన చుక్క మీద పెట్టండి, దీనికి మొదట్లో కాస్త ధైర్యం కావాలి, తర్వాత అదే అలవాటవుతుంది.

గీత తప్పు దారిలో పోతోందని మధ్యలో తెలిసినా ఆపొద్దు, వంచొద్దు, దాని మీద ఇంకో గీత గీయొద్దు. అలాగే పూర్తిచేసి ముందుకు వెళ్ళండి. ఒకే అంచు మీద నాలుగు గీతలు గీకితే సరిచూసేటప్పుడు దేన్ని కొలవాలో తెలీదు.

కాగితం తిప్పుకోవచ్చా అని అడుగుతారు. లోతుగీతలకు నిరభ్యంతరంగా తిప్పుకోండి, ప్రతి చేతికీ సులువుగా వచ్చే దిశ ఒకటి ఉంటుంది, గీతను ఆ దిశలోకి తెచ్చుకోవడంలో తప్పులేదు. అడ్డగీతలకు, నిలువుగీతలకు మాత్రం కాగితం అంచే మీకు ఆధారం, కాబట్టి అంచు ఎప్పుడూ కంటికి కనిపిస్తూ ఉండేలా చూసుకోండి.

ఒక్క పెట్టె, మెల్లగా

కంటిమట్టానికి కింద, వానిషింగ్ పాయింట్‌కు ఎడమవైపు మొదలుపెడదాం. మధ్య చుక్క నుంచి ఎడమకు 2.5 సెం.మీ., కిందికి 2.5 సెం.మీ. వదిలి, అక్కడి నుంచి 3 సెం.మీ. చదరం ఒకటి గీయండి. ఇది ముందు ముఖం. కొలతకు మూలల్లో నాలుగు చుక్కలు స్కేలుతో పెట్టుకోండి, గీతలు చేత్తోనే గీయండి. ముందు ముఖం చతురస్రంగా రాకపోతే తర్వాత ఏదీ సరిగ్గా రాదు, కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

ఇప్పుడు నాలుగు మూలల నుంచి నాలుగు లోతుగీతలు. మొదటి వారం పదిరోజులూ ప్రతి గీతను వానిషింగ్ పాయింట్ దాకా పల్చగా లాగండి. నాలుగోది, అంటే వెనక దాక్కున్న కింది మూల గీత కూడా గీయాలి. పెట్టె గాజుదన్నట్టు అన్ని అంచులూ కనిపించేలా గీయడమే ఈ వార్మప్‌కు ప్రాణం. కనిపించే ముఖాలు మాత్రమే గీసి వదిలేస్తే పెట్టె తప్పు చెప్పే అవకాశమే ఉండదు.

తర్వాత లోతు నిర్ణయించాలి. పైముఖం కుడి మూల నుంచి వెళ్ళే లోతుగీత మీద ఒక చుక్క పెట్టండి, వెనక ముఖం అక్కడ మొదలవుతుంది. ఆ చుక్క నుంచి ఎడమకు అడ్డగీత, అది పై ఎడమ లోతుగీతను తాకేదాకా. అక్కడి నుంచి కిందికి నిలువుగీత, కింది ఎడమ లోతుగీతను తాకేదాకా. అక్కడి నుంచి కుడికి అడ్డగీత. చివరగా అక్కడి నుంచి పైకి నిలువుగీత. ఈ ఆఖరి గీత మీరు మొదట పెట్టిన చుక్కకు తిరిగి రావాలి. వస్తే పెట్టె మూసుకున్నట్టు. మిల్లీమీటరు తేడాలో వస్తే కూడా బాగా వచ్చినట్టే. రాకపోతే చుక్కను జరిపి, గీతను వంచి బలవంతంగా కలపకండి, ఆ ఖాళీని అలాగే ఉంచండి, దాంతోనే పని ఉంది.

ఆఖర్న కంటికి కనిపించే అంచుల మీద ఒక్కసారి కాస్త నొక్కి ముదురు గీత గీయండి. ఒకే అంచు మీద రెండోసారి గీత పడేది ఇక్కడ మాత్రమే.

తొమ్మిది చోట్ల తొమ్మిది పెట్టెలు

ఇప్పుడు అదే పెట్టెను మూడు వరసల్లో, వరసకు మూడు చొప్పున వేయండి. పైవరస కంటిమట్టానికి పైన, కింది వరస కింద, మధ్య వరస కంటిమట్టం మీదే. అలాగే ఎడమ, మధ్య, కుడి. ముందు ముఖాలన్నీ 3 సెం.మీ. చదరాలు, మధ్య వరస చదరాలు కంటిమట్టానికి పైనా కిందా, మధ్య నిలువు వరస చదరాలు వానిషింగ్ పాయింట్‌కు అటూ ఇటూ 1.5 సెం.మీ. చొప్పున ఉంటాయి, మిగతా వరసలు 2.5 సెం.మీ. దూరం నుంచి మొదలవుతాయి. ఇలా పెడితే అన్నీ 8 సెం.మీ. వృత్తంలో సరిపోతాయి, ఒకదాని మీద ఒకటి పడవు.

ఏ చోట ఏ ముఖం కనిపిస్తుందో గీసే ముందే నోటితో చెప్పుకోండి. కంటిమట్టానికి కింద ఉన్నదాని పైముఖం కనిపిస్తుంది, పైన ఉన్నదాని అడుగు కనిపిస్తుంది. ఎడమవైపు ఉన్నదాని కుడి పక్క, కుడివైపు ఉన్నదాని ఎడమ పక్క కనిపిస్తాయి. కంటిమట్టం మీద కూర్చున్నదానికి పైనా కనిపించదు, అడుగూ కనిపించదు. నట్టనడుమ పెట్టెకు వానిషింగ్ పాయింట్ ముందు ముఖం లోపలే ఉంటుంది, కాబట్టి మామూలు పెట్టె అయితే ముందు ముఖం తప్ప ఏదీ కనిపించదు, గాజు పెట్టె అయితే చదరం లోపల చిన్న చదరం కనిపిస్తుంది. గది లోపలి బొమ్మ గీయడమంటే ఈ నడిమి పెట్టెను లోపలి నుంచి చూడటమే, వెనక చదరం ఎదుటి గోడ అవుతుంది, నాలుగు లోతుగీతలు నేల, గోడలు, సీలింగ్ కలిసే అంచులవుతాయి.

పెట్టెకు పన్నెండు గీతలు, తొమ్మిది పెట్టెలకు 108. అష్టోత్తరం లెక్క అచ్చంగా కుదిరింది, నాకు ఈ అంకె అంటే ఇష్టం కూడా.

సరిచూసుకోవడం

పేజీ అయ్యాక మూడు నాలుగు నిమిషాలు దీనికి పెట్టండి. సమయం లేకపోతే పెట్టెలు తగ్గించండి, ఇది మాత్రం మానొద్దు.

మొదట లోతుగీతలు. వానిషింగ్ పాయింట్‌లో గుండుసూది గుచ్చి, దానికి దారం కట్టి, దారాన్ని ఒక్కో ముందు మూల మీదుగా బిగించి పట్టుకోండి. మీ గీత దారం కిందే ఉందా, పక్కకు పోయిందా వెంటనే కనిపిస్తుంది. పోయినచోట ఎర్ర పెన్‌తో అసలు గీత గీయండి. పేజీ మొత్తం అయ్యాక ఎర్ర గీతలన్నిటినీ ఒక్కసారి చూడండి. తప్పులు చాలావరకు ఒకే దిశలో ఉంటాయి. కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమ పైవైపు వెళ్ళే గీతలు కష్టమవచ్చు, ఎడమచేతి వాటం వాళ్ళకు దీనికి ఎదురు. మీది ఏ దిశో తెలిస్తే రేపటి రెండు నిమిషాల ఉత్త గీతలు ఆ దిశలోనే గీస్తారు.

తర్వాత మూసుకోని మూలలు. దారం పరీక్షలో నాలుగు లోతుగీతలూ పాసై, అయినా చివరి మూల కలవలేదంటే తప్పు వెనక ముఖం అడ్డగీతల్లోనో నిలువుగీతల్లోనో ఉంది. గీత రెండు చివర్ల నుంచీ కాగితం అంచుకు దూరం కొలవండి, ఎటు వాలిందో తెలుస్తుంది. పేజీలోని అడ్డగీతలన్నీ ఒకేవైపు వాలితే చేతిని తిట్టుకోకండి, మీరు కూర్చున్న తీరు చూసుకోండి, అట్ట ఒళ్ళో పక్కకు తిరిగి ఉందేమో, మీరు ఒక మోచేతి మీద వాలి గీస్తున్నారేమో. మధ్య వరస పక్క పెట్టెల దగ్గర ఇంకో సంగతి ఉంది. అక్కడ బయటి మూలల లోతుగీతలు కొంచెమే వాలి వెళ్తాయి, అడ్డగీత వాటిని చిన్న కోణంలో తాకుతుంది, కాబట్టి గీత వెంట్రుకవాసి వాలినా మూల చాలా దూరం జరిగిపోతుంది. ఆ పెట్టెలు మూసుకోకపోతే నిరుత్సాహపడొద్దు, పేజీలో కష్టమైనవాటిలో అవి కూడా ఉన్నాయి.

మూడో పరీక్ష నాకు అన్నిటికన్నా నచ్చేది. ముందు ముఖంలో ఒక మూల నుంచి ఎదురు మూలకు కర్ణం గీయండి, వెనక ముఖంలో కూడా అదే మూలల మధ్య కర్ణం గీయండి. రెండూ సమాంతరంగా ఉండాలి. రెండో కర్ణాలు కూడా గీస్తే రెండు ముఖాల కేంద్రాలు దొరుకుతాయి, ఆ రెండు కేంద్రాలను కలిపే గీత సూటిగా వానిషింగ్ పాయింట్‌లోంచి వెళ్ళాలి. ఒక చోట తప్పు ఇంకో చోట తప్పుతో సర్దుకుపోయి మూల కలిసినట్టు కనిపించే పెట్టెలు కొన్ని ఉంటాయి, అలాంటివి కూడా ఇక్కడ దొరికిపోతాయి.

లోతు ఎంత? అందరూ తడబడేది ఇక్కడే

మూలలు కలిశాయి, గీతలు చుక్కకే వెళ్తున్నాయి, అయినా ఘనంలా (పొడవు, వెడల్పు, లోతు సమానంగా) ఉండాల్సిన పెట్టె రైలు పెట్టెలా పొడుగ్గా కనిపిస్తోంది. ఇది దాదాపు ప్రతి ఒక్కరికీ వస్తుంది. కారణం, లోతు మన చూపులో ఎంత కుంచించుకుపోతుందో మనసు ఒప్పుకోదు. పక్క ముఖం కూడా చదరమే అని తెలుసు కాబట్టి దానికి వెడల్పు ఎక్కువ ఇచ్చేస్తాం.

దీనికి పరిష్కారం ఇందాక పక్కన పెట్టిన రెండు చుక్కలు. వాటిని దూరపు చుక్కలు అనుకుందాం. నేలకు సమాంతరంగా పడుకున్న చదరాల కర్ణాలు ఈ చుక్కలకు వెళ్తాయి. మన మొదటి పెట్టె తీసుకోండి, కింద ఎడమవైపుది. దాని పైముఖం ముందు అంచుకు ఎడమ మూల నుంచి కుడి దూరపు చుక్కకు స్కేలు పెట్టండి. ఆ స్కేలు, కుడి మూల నుంచి వెళ్ళే లోతుగీతను ఎక్కడ దాటుతుందో అక్కడే వెనక మూల. అక్కడ చుక్క పెడితే పైముఖం అచ్చమైన చదరమవుతుంది, పెట్టె ఘనమవుతుంది. పెట్టె కుడివైపు ఉంటే అద్దంలో చూసినట్టు తిప్పి, కుడి మూల నుంచి ఎడమ దూరపు చుక్కకు.

ఆ 14 సెం.మీ. అనేది కాగితానికీ కంటికీ మధ్య అనుకున్న దూరం. దాని లెక్క సులువు. వెనక అంచు పొడవు కావాలంటే, ముందు అంచును 14తో గుణించి, 14కు పెట్టె లోతు కలిపి ఆ మొత్తంతో భాగించాలి. 3 సెం.మీ. ఘనానికి 42ను 17తో భాగిస్తే సుమారు 2.5 సెం.మీ. వస్తుంది. అంటే వెనక అంచు అర సెంటీమీటరే తగ్గాలి! చాలామంది సగానికి తగ్గించి 1.5 సెం.మీ. గీసేస్తారు, దానికి లెక్క కడితే పెట్టె లోతు 14 సెం.మీ. అని తేలుతుంది, వెడల్పుకు దాదాపు ఐదు రెట్లు. రైలు పెట్టెలా కనిపించక ఏం చేస్తుంది!

కంటిమట్టానికి దగ్గరగా ఉండే పైముఖాల సంగతి ఇంకా విచిత్రం. అదే 3 సెం.మీ. ఘనం పైఅంచు కంటిమట్టానికి 5.5 సెం.మీ. కింద ఉంటే పైముఖం కాగితం మీద దాదాపు 1 సెం.మీ. మందంగా కనిపిస్తుంది. 2.5 సెం.మీ. కింద ఉంటే 4 మిల్లీమీటర్ల పైచిలుకు. అర సెంటీమీటరు కింద ఉంటే ఒక్క మిల్లీమీటరు కూడా రాదు. గీసేటప్పుడు అంత సన్నగా గీయడానికి చెయ్యి రాదు, ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంటుంది. గీసేయండి. ఆ సన్నటి పలక సరిగ్గా పడ్డ రోజు పెట్టె కాగితం మీద కూర్చున్నట్టు కనిపిస్తుంది, అది చూస్తే వచ్చే తృప్తే వేరు.

రోజూ ప్రతి పెట్టెకూ దూరపు చుక్క వాడొద్దు. మొదట కంటి అంచనాతో లోతు చుక్క పెట్టి పెట్టె పూర్తిచేయండి, సరిచూసేటప్పుడు దూరపు చుక్కకు స్కేలు పెట్టి అసలు లోతు ఎర్రగా గుర్తుపెట్టండి. అంచనా ముందు, కొలత తర్వాత. ఈ వరస మారిస్తే కన్ను ఏమీ నేర్చుకోదు.

ఆసరాలు ఒక్కొక్కటే తీసేయడం

గీతలు దారానికి దగ్గరగా పడుతున్నాయనిపించాక లోతుగీతలను వానిషింగ్ పాయింట్ దాకా లాగడం మానేయండి. పెన్నును గాల్లో ఆ చుక్క దాకా ఆడించి, కాగితం మీద మాత్రం పెట్టె అంచు ఎంత ఉండాలో అంతే గీయండి. పొట్టి గీతకు దిశ పట్టుకోవడం పొడుగు గీత కన్నా కష్టం, కాబట్టి ఈ దశలో తప్పులు మళ్ళీ పెరుగుతాయి, టెన్షన్ పడకండి. తర్వాత మూల చుక్కలకు స్కేలు మానేసి ముందు ముఖాల సైజులు మార్చండి, కొన్ని సన్నగా పొడుగ్గా, కొన్ని పలకలా. ఇంకొన్నాళ్ళకు వానిషింగ్ పాయింట్‌ను మధ్యలోంచి జరపండి, కంటిమట్టాన్ని పైకో కిందికో మార్చండి. దూరపు చుక్కలు, వృత్తం కూడా దానితోపాటు జరుగుతాయని మర్చిపోకండి. చివరి దశలో వానిషింగ్ పాయింట్ గుర్తే పెట్టొద్దు. మనసులో ఒకచోటు అనుకుని నాలుగైదు పెట్టెలు గీసి, ఆ తర్వాత స్కేలుతో లోతుగీతలన్నీ ఎర్రగా పొడిగించండి. అన్నీ ఒక రూపాయి బిళ్ళంత జాగాలో కలిస్తే చాలా బాగా వచ్చినట్టు.

బీ.ఆర్క్. (ఆర్కిటెక్చర్ డిగ్రీ) ప్రవేశానికి నాటా, జేఈఈ మెయిన్ డ్రాయింగ్ పేపర్లకు తయారయ్యే పిల్లలకు ఈ చివరి దశ నేరుగా పనికొస్తుంది. ఊహించి గీయమన్న దృశ్యంలో బల్లలు, షాపులు, మెట్లు ఏవైనా ముందు పెట్టెలుగా నిలబడితేనే తర్వాత వివరాలు నిలుస్తాయి.

విసుగొచ్చినప్పుడు

తొమ్మిది పెట్టెలు అలవాటైపోయి చెయ్యి యాంత్రికంగా కదులుతోందంటే మార్చాల్సిన టైమ్ వచ్చిందన్నమాట. ఒక ఘనం వెనక అంతే లోతున్న ఇంకో ఘనం పెట్టండి, దూరపు చుక్క లేకుండా. పక్క ముఖం వెనక నిలువు అంచుకు మధ్య బిందువు గుర్తించండి, ముందు పై మూల నుంచి ఆ బిందువు మీదుగా గీత లాగండి, అది కింది లోతుగీతను ఎక్కడ తాకితే అక్కడ రెండో పెట్టె ముగుస్తుంది. మళ్ళీ అలాగే మూడోది. రోడ్డు పక్క కరెంటు స్తంభాలు, ప్లాట్‌ఫారం స్తంభాలు, బడి వరండా గుంజలు అన్నీ ఈ ఒక్క కిటుకుతో సమదూరంలో పడతాయి.

పెట్టెలోంచి ముక్కలు కోయండి. ముందు పై అంచు దగ్గర చిన్న పెట్టెంత భాగం తీసేస్తే మెట్టు వస్తుంది, ముందు ముఖంలో లోపలికి తొలిస్తే గూడు వస్తుంది. ఇంట్లో బీరువా, ఫ్రిజ్, దివాన్ మంచం, ట్రంకు పెట్టె దేనికైనా ఎదురుగా తిన్నగా కూర్చుని దాన్ని ముందు గాజు పెట్టెగా గీసి, తర్వాత పిడులు, తలుపులు పెట్టండి.

మూత తెరిచిన పెట్టె గీయడం ఇంకా మంచి వ్యాయామం. మూత బందులు పక్క అంచుకు, అంటే లోతుగీత వెంట ఉంటే, మూత ముందు అంచు కాగితానికి సమాంతరంగా ఉండే తలంలోనే తిరుగుతుంది. కాబట్టి దాని పొడవు మారదు, ముందు మూల దగ్గర కంపాస్ పెట్టి తిప్పితే మూత ఏ కోణంలో ఉన్నా దాని కొస ఆ వృత్తం మీదే ఉంటుంది. అక్కడి నుంచి లోతుగీత మళ్ళీ మన పాత వానిషింగ్ పాయింట్‌కే. బందులు వెనక అంచుకు ఉంటే సంగతి వేరు, మూత పక్క అంచులు వాలుగా లేస్తాయి కాబట్టి అవి వానిషింగ్ పాయింట్‌కు సరిగ్గా పైనో కిందో, అదే నిలువుగీత మీద ఉండే ఇంకో చుక్కకు వెళ్తాయి. మూత నిటారుగా నిలబడేదాకా, ఎంత తెరిస్తే ఆ చుక్క అంత దూరం జరుగుతుంది. మొదటి రకం మూతను మూడు కోణాల్లో గీయడం వచ్చాక రెండోదానికి వెళ్ళండి.

ప్రతి పేజీ మూల మీద తేదీ వేసి, ఎర్ర గీతలతో సహా ఒక ఫైల్లో పెట్టండి. నెలకోసారి తీసి పక్కపక్కన పరిస్తే ఏ దిశ గీతలు బాగుపడ్డాయో, ఏ మూల ఇంకా మొండికేస్తోందో కనిపిస్తుంది, వచ్చే నెల వార్మప్ ఆ మూల నుంచే మొదలుపెట్టండి.